టాపులేని కారుకి దండధారులు

మా ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడమనిషీ జీవితంలో ఒక్కసారైనా మా బావ కారెక్కింది. ఎక్కనిది మా అక్క మాణిక్యం ఒక్కతే.

ఈ మాట చెబితే అందరూ ముందు నవ్వుతారు. తరవాత "అదేంటండీ, సొంత కారేగా!" అంటారు. సొంత కారే. చిక్కల్లా అక్కడే వచ్చింది.

మా బావ నూకరాజుది టాపులేని కారు. దొరల కాలం నాటిది. వాళ్ళ నాన్న ఏదో దివాణం వేలంలో పాడి తెచ్చుకున్నాడు. మీగడ రంగు, గుడ్లగూబ కళ్ళలాంటి దీపాలు, రబ్బరు బుడగ నొక్కితే మోగే హారను. మడతపెట్టే టాపు ఒకటి ఉండేదట కానీ మా బావ పుట్టేలోపే దాన్ని ఎలకలు తినేశాయి. టాపు పోయాకే ఆ కారుకి యోగం పట్టిందని చెప్పాలి. పెళ్ళి ఊరేగింపుకి అంతకంటే ఏం కావాలి? వెనకసీట్లో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, ముందు బ్యాండుమేళం, స్టీరింగు దగ్గర ఖాకీ చొక్కాలో మా బావ. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళనుకుంటే పురోహితుడి తరవాత మాట్లాడుకునేది ఆయన్నే.

మా అక్క పెళ్ళినాడు కూడా ఎవరో అలాగే మాట్లాడేసుకున్నారు. ఆ సాయంత్రం రైసుమిల్లు వాళ్ళమ్మాయి ఊరేగింపు. మా బావ మాటంటే మాటే. అక్క మెళ్ళో మూడు ముళ్ళూ వేశాడు, నెత్తిమీద అక్షింతలు దులుపుకున్నాడు, మధుపర్కాలు విప్పి ఖాకీ చొక్కా తొడిగాడు, "ఇప్పుడే వచ్చేత్తాను" అని వెళ్ళి ఆ పిల్లని ఊరంతా తిప్పాడు. మా అక్క అత్తారింటికి రిక్షాలో వెళ్ళింది. పక్కన మొగుడుండాల్సిన చోట పదేళ్ళవాణ్ణి నేనున్నాను, ఒళ్ళో లడ్డూల బుట్టతో.

అప్పట్నించీ ఆ ఇంట్లో ఏ గొడవైనా, కూరలో ఉప్పు దగ్గర మొదలైనా సరే, రిక్షా దగ్గరికొచ్చి ఆగేది. మా బావ తలొంచుకుని కారు తుడుచుకునేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అలా తుడిచి తుడిచి, చివరికి మొన్న మాఘమాసంలో ఓ మాటిచ్చేశాడు. శ్రావణంలో ఆయన షష్టిపూర్తి. ఆ సాయంత్రం కారు ఇంకెవరికీ ఇవ్వడట. అక్కని వెనకసీట్లో కూచోబెట్టి మెయిన్‌రోడ్డంతా తిప్పుతాడట.

"తిప్పడం కాదు," అంది అక్క. "నా పక్కన కూచోవాలి. మీరు ముందూ నేను వెనకా అయితే దాన్ని ఊరేగింపనరు, బాడుగబండి అంటారు."

"మరి స్టీరింగెవడు పడతాడే?"

"ఎవడో ఒకడు పడతాడు."

ఇంకొకడి చేతికి స్టీరింగివ్వడమన్న మాట వినగానే మా బావ మొహం చూడాలి. పాపం, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ తరవాత "సరేలే" అన్నాడు. ఆ 'సరేలే'తో మా అక్క పదేళ్ళు చిన్నదైపోయింది. సీట్లకి ఎర్రటి రెక్సిన్ కుట్టించింది. కంచి నుంచి వచ్చినవాడి దగ్గర చీర తీసింది. వీధంతా చెప్పుకుంది.

ఇంతలో మృగశిర కార్తె వచ్చింది, దాంతోపాటు వానలూ వచ్చాయి. కొత్త సీట్లు తడిస్తే అక్క ఊరుకోదు. అప్పుడు నన్ను పిలిచాడు మా బావ. నాకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాను. పేరు అబ్బులు. గుడ్డ కప్పడంలో మా ఊళ్ళో నన్ను మించినవాడు లేడు, ఇది గొప్ప కాదు, నిజం.

ఆ కారు కొలతకి గట్టి టార్పాలిన్ కుట్టాను. ముందు అద్దం దగ్గర్నించి వెనకసీటు దాకా పక్కమీద దుప్పటి పరిచినట్టు పరుచుకుంటుంది. కానీ గుడ్డ ఒక్కటే చాలదు. వాననీళ్ళు మధ్యలో గుంటగా నిలుస్తాయి, ఆ బరువుకి గుడ్డ కిందికి దిగిపోతుంది. అందుకని వెనకసీటు మీదుగా అడ్డంగా, విల్లులా వంచిన కమ్మీ ఒకటి పెట్టాలి. అప్పుడు నీళ్ళు జారిపోతాయి. కమ్మీకి రెండు పక్కలా నాలుగు మరలు, గుడ్డ పట్టుకోవడానికి కారు అంచు చుట్టూ టిచ్‌బటన్లు. డ్రిల్లింగు మిషను ఉంటే పొద్దున్న మొదలెట్టి టిఫిన్ వేళకి ముగించే పని.

మిషను ఇంకా రయ్యిమనలేదు, వీధిలో జీపు ఆగింది.

"ఆపండి! ఆ రంధ్రం చేయకండి!"

ఈ ఏడు సర్కారులో పైవాళ్ళకి పాతవాటి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాత బావి కనిపిస్తే బోర్డు, పాత గోడ కనిపిస్తే కంచె. ఆ ఊపులో మా ఊళ్ళో 'ప్రాచీన శకట పరిరక్షణ ప్రాధికార సంస్థ' అని ఒకటి వెలిసింది. ఆఫీసు తీసుకున్నారు, సిబ్బందిని వేశారు, ఫ్యాన్లు బిగించారు. అన్నీ అమిరాక వెతికితే వాళ్ళ పరిధి మొత్తానికీ ప్రాచీన శకటం ఒక్కటే ఉంది. అది మా బావది.

జీపు దిగినాయన ఆ సంస్థ డైరెక్టరు సర్వోత్తమరావు. మంచి మనిషి, మాటా నెమ్మదే. సూటు వేసుకున్నాడు. మృగశిర ఉక్కలో సూటు వేసుకున్నవాణ్ణి నేను అదే చూడ్డం.

"శకటం యొక్క మూల దేహానికి నూతన రంధ్రం చేయుట నిషిద్ధం," అన్నాడాయన. "ఈ క్షణం నుంచీ ఇది జాతి సంపద."

మా బావ డ్రిల్లింగు మిషను గుండెలకి హత్తుకున్నాడు. "నాదేనండీ ఇది."

"యాజమాన్యం మీదే. సంపద మాత్రం జాతిది. దీన్ని ఎండకూ వానకూ అనాచ్ఛాదితంగా ఉంచరాదు."

"ఆయ్, అదేనండీ, కప్పుతున్నాం."

"కప్పాలి. కానీ బిగించరాదు."

"మరి ఈ కమ్మీ అండీ?" అన్నాను నేను.

ఆయన కమ్మీని ముందునించీ వెనకనించీ చూశాడు. "ఆధార దండం. అత్యవసరం. అది లేకుండా ఆచ్ఛాదన పరచడానికి వీల్లేదు. కానీ దాన్ని శకటానికి అమర్చరాదు."

"అమర్చకపోతే గాల్లో ఎలా నిలబడుద్దండీ?"

"అది సాంకేతిక విషయం. మాది విధానపరమైన సంస్థ," అని ఆయన చెమట తుడుచుకున్నాడు. అక్క లోపల్నించి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, బాగుందని, ఇంకో గ్లాసు కూడా తాగాడు.

మర్నాడే ఇంటిముందు బోర్డు పాతారు. కారు మీద ఓ కమిటీ వేశారు. తాళ్ళతో కడదామని నేనంటే తాడు రాపిడికి రంగు పోతుందన్నారు. అంచుల మీద ఇటుకలు పెడదామని మా బావంటే బరువు పడుతుందన్నారు. కమిటీవాళ్ళు పకోడీలు తింటూ సాయంత్రం దాకా ఆలోచించి, ఓ తీర్మానానికొచ్చారు. బటన్లు లేవు కాబట్టి గుడ్డ అంచుల్ని మనుషులు పట్టుకుంటారు. మరలు లేవు కాబట్టి కమ్మీని కూడా మనుషులే పట్టుకుంటారు. అంచులు పట్టుకునేవాళ్ళు అంచుధారులు. కమ్మీ పట్టుకునేవాళ్ళు దండధారులు. కమ్మీకి చివరలు రెండు కాబట్టి దండధారులు ఇద్దరు. వాళ్ళు వెనకసీట్లో చెరోవైపు కూచుని, గుడ్డ కిందనించి కమ్మీని ఎత్తిపట్టాలి.

"ఎప్పటిదాకానండీ?" అన్నాడు మా బావ.

"ప్రాచీనతకు ముగింపు ఉండదు," అన్నాడు డైరెక్టరు.

పోనీ వాన లేని రోజున కారు బయటికి తీస్తానన్నాడు మా బావ. దానికాయన ఎంత బాధపడ్డాడంటే, మాకే జాలేసింది. "కదలికే ప్రాచీనతకు ప్రథమ శత్రువు నూకరాజుగారూ. సంరక్షణ నిమిత్తం తప్ప శకటం కదలరాదు" అని ఇంజనుకి లక్కముద్ర వేయించాడు.

"కదలకపోతే అది కారెందుకవుద్దండీ?"

"ఇది కారు అన్న అభిప్రాయం నుంచి ముందు మీరు బయటపడాలి."

అంచుధారులుగా తన ఆఫీసువాళ్ళనే పెట్టుకున్నాడు. దండధారుల కోసం పై ఆఫీసులకి రాసి, మత్స్యశాఖ నుంచి ఒకణ్ణీ పట్టుపరిశ్రమ నుంచి ఒకణ్ణీ తెప్పించాడు. చేపలాయన సన్నగా, పట్టాయన లావుగా ఉండేవారు. పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పి, కొత్త ఎర్ర రెక్సిన్ మీద కూచునేవారు. మీద గుడ్డ కప్పేవారు. చుట్టూ అంచులు పట్టుకుని ఆఫీసువాళ్ళు నిలబడేవారు. దారినపోయేవాళ్ళు ఎవరో పోయారనుకుని చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని పోయేవారు.

మా అక్క వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తూ కుతకుతలాడిపోయేది. "నేనింకా కూచోలేదురా ఆ సీట్లో! నేను కూచోకుండా వాడెవడో వీపు ఆనించి కూచున్నాడు!" అనేది. తిట్టేది, మళ్ళీ గుడ్డ కింద ఉడికిపోతున్నారని మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చేది. మా అక్కకి కోపం ఎంతో జాలీ అంతే. నాకు మాత్రం జాలి లేదు, ఒళ్ళు మండిపోయేది.

ఓరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాన పట్టింది. అంచుధారులు తడిసి ముద్దవుతూ నిలబడ్డారు. వాన హోరులో గురక కూడా వినపడింది. పట్టుపరిశ్రమాయన నిద్రపోయాడు. ఆయన వైపు కమ్మీ జారింది, గుడ్డ గుంటపడింది, బిందెలకొద్దీ నీళ్ళు ఆయన పొట్ట మీదా మా అక్క కొత్త సీటు మీదా పడ్డాయి. అక్క చీపురుతో బయల్దేరింది. మేం పట్టుకోకపోతే జాతి సంపదతోపాటు ఓ ఉద్యోగి కూడా దెబ్బతినేవాడు.

సంస్థ ఊరుకుంటుందా? విచారణ జరిపింది. గుడ్డ కింద ఉన్నవాడు మెలకువగా ఉన్నాడో లేదో పైవాళ్ళకి ఎలా తెలుస్తుందన్నది ప్రశ్న. జవాబు డైరెక్టరుగారే చదివి వినిపించారు. "దండధారి శిరస్సు సర్వకాలములందును ఆచ్ఛాదనకు వెలుపల ఉండవలెను."

"అంటే గుడ్డకి కన్నం పెట్టాలాండీ?" అన్నాను.

"గుడ్డ ప్రాచీనం కాదు. పెట్టవచ్చు."

జుబ్బాకి మెడ కుట్టినట్టు రెండు మెడలు కుట్టాను. మర్నాటినించీ పరుచుకున్న గుడ్డ మీద రెండు తలకాయలు, ఒకటి సన్నగా ఒకటి లావుగా, మంగలిషాపులో కూచున్నట్టు కనిపించేవి. సాయంత్రాలు జనం బజ్జీలు కొనుక్కుని వచ్చి చూసేవారు. చేపలాయనకి ఓసారి ఎవరో నోట్లో బజ్జీ కూడా పెట్టారు. చేతులు ఖాళీ లేవు కదా.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆషాఢం వెళ్ళిపోతోంది. మా బావ ఇస్త్రీచొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళి, షష్టిపూర్తికి ఒక్క పూట, ఒక్క రోడ్డు మీద, నెమ్మదిగా తిప్పుకుంటానని బతిమాలాడు. డైరెక్టరు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, కుదరదన్నాడు. వైయక్తిక వేడుకల నిమిత్తం కదలిక అన్నది నిబంధనల్లోనే లేదట.

ఇంటికొచ్చి మా బావ అరుగు మీద చతికిలపడ్డాడు. "వేరే కారు మాట్లాడతానే. ఏసీది. పువ్వులు కట్టిత్తాను" అన్నాడు.

అక్క తిట్టలేదు. రిక్షా ఊసు కూడా ఎత్తలేదు. "ఎందుకులెండి, గుళ్ళో అర్చన చేయించుకుని వచ్చేద్దాం" అని లోపలికెళ్ళి, తీసిపెట్టుకున్న చీరని బీరువా అడుక్కి తోసేసింది. తలుపు వెనక నిలబడి ఏడ్చింది. నేను చూశాను. ఆవిడ అన్నేళ్ళు తిట్టినా నాకు అంత బాధ అనిపించలేదు. మా బావ కారు తుడుద్దామని లేచాడు. దాని దగ్గరికెళ్తే అంచుధారి "తాకరాదండీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క నా టెంట్ హౌస్‌కి వచ్చింది. తలంటుకుని, జడ బిగించి, బొట్టు దిద్దుకుని ఉంది. "పదరా అబ్బులూ, ఆ ఆఫీసుకి."

"ఎందుకు? కొడతావా?"

"ఛ, నోర్ముయ్. మాట్లాడాలి."

డైరెక్టరు అప్పటికే తలపట్టుకుని ఉన్నాడు. రాజధాని నుంచి కమిషనరుగారు వస్తున్నారట. సంస్థ సాధించినదాన్ని చూసి ఆనందించడానికి 'ఆచ్ఛాదన మహోత్సవం' పెట్టమన్నారట. కారు అక్కావాళ్ళ సందులో ఉంది, ఆ సందులో కమిషనరుగారి కార్లు పట్టవు. ఇంతలో దండధారులిద్దరూ మెడనొప్పని సెలవు పెట్టారు. వేరే శాఖలు ఇక మనుషుల్ని పంపేది లేదన్నాయి. ఇవన్నీ ఆయన మా అక్కకే చెప్పుకున్నాడు. రెండు నెలలు ఆవిడ మజ్జిగ తాగాడు మరి.

అక్క అంతా విని, కొంగు సర్దుకుని అందుకుంది. "సంరక్షణ నిమిత్తం కదలిక ఉండొచ్చని మా ఇంటిముందు బోర్డు మీద మీరే రాయించారు కదండీ. శకటాన్ని టౌన్‌హాలు దాకా తీసుకెళ్తే అది సంరక్షణే కదండీ?"

డైరెక్టరు తలెత్తాడు. "అవును! ప్రదర్శన కూడా సంరక్షణలో అంతర్భాగమే!"

"రోజెప్పుడండీ?"

"మంచిరోజు మమ్మల్నే చూడమన్నారు."

"శ్రావణ శుద్ధ ఏకాదశి సాయంత్రం దివ్యంగా ఉందండీ," అంది అక్క. ఆ రోజే బావ షష్టిపూర్తని ఆయనకి గుర్తులేదు. నేను గోడ మీది ఫ్యాను వైపు చూస్తూ కూచున్నాను.

"కానీ దండధారులు లేరే!"

"మేం లేమాండీ? నేనూ మా ఆయనా. స్వచ్ఛందంగా."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ప్రజా భాగస్వామ్యం!" అన్నాడు. "కమిషనరుగారు ఎప్పుడూ చెప్పేది అదే!"

"మరి స్టీరింగు మా ఆయన పడితే..." అంది అక్క, ఏమీ తెలియనట్టు.

"అసంభవం. ప్రాచీన శకటం స్టీరింగును గెజిటెడ్ అధికారి మాత్రమే స్పృశించాలి. అంటే నేనే. నాకు నడపడం రాదు, కానీ ఇంజనుకు ముద్ర ఉంది కనక ఇబ్బంది లేదు. మా సిబ్బంది వెనకనుంచి నెడతారు."

ఆ నిమిషాన మా అక్క కళ్ళల్లో వెలుగు చూస్తే, దేవుడికి పెట్టినట్టు ఆయనకే దీపం పెట్టేస్తుందేమో అనిపించింది. అయినా గండం ఒకటి మిగిలింది. దండం రెండు చివరలూ ఒకే మట్టంలో ఉండాలట. సాయంత్రం డైరెక్టరు అక్కావాళ్ళింటికి తాపీమేస్త్రీల మట్టం గొట్టం పట్టుకుని వచ్చాడు. బావా అక్కా పక్కపక్కన కూచుంటే బావ భుజం దగ్గరికొచ్చింది అక్క తల.

"పీటేసుకుంటానండీ," అంది అక్క.

"నూతన వస్తువు ప్రవేశపెట్టరాదమ్మా."

"మా అత్తగారి అత్తగారి పీటండీ ఇది."

ఆయన పీటని అటూ ఇటూ తిప్పి చూశాడు, గోటితో గీరి చూశాడు. "ప్రాచీనమే. అభ్యంతరం లేదు" అన్నాడు. ఎక్కడ దాన్ని కూడా పట్టుకుపోతాడోనని అక్క గబుక్కున లాక్కుంది.

ఆయన వెళ్ళాక అడిగాను, ఈ మాటలన్నీ ఎక్కడ నేర్చావే అని.

"రెండు నెల్లు వాళ్ళకి మజ్జిగ మోసాన్రా," అంది. "ఆమాత్రం రావా?"

ఏకాదశినాడు పొద్దున్న హోమం జరిగింది. మా బావ రెండోసారి మూడు ముళ్ళు వేశాడు. వేశాక అలవాటు చొప్పున లేవబోయాడు. అక్క ఉత్తరీయం చివర పట్టుకుని కూచోబెట్టింది. సాయంత్రం కాగానే బీరువా అడుగునించి చీర పైకొచ్చింది. బాసికాలు కట్టుకుని ఇద్దరూ వెనకసీట్లో కూచున్నారు, అక్క పీట మీద, బావ మామూలుగా. నేనే నా చేతులతో గుడ్డ కప్పి, డైరెక్టరు కూచోవాలి కాబట్టి ముందుసీటు మీది గుడ్డని వెనక్కి మడిచి, రెండు మెడల్లోంచి రెండు తలల్నీ పైకి లాగాను. అంత చీరా గుడ్డ కిందకి పోయింది. "పోతే పోయిందిరా, మనిషున్నాడుగా పక్కన" అంది. కారుకి పూలు కట్టకూడదన్నారు, మరకలు పడతాయని. మెడల గురించి నిబంధన లేదు. అందుకని తెచ్చిన దండలన్నీ ఆ రెండు మెడల్లోనే వేశాం. చెవుల దాకా పూలు వచ్చాయి.

టౌన్‌హాలు దగ్గర కమిషనరుగారి స్వాగతానికి మాట్లాడిన బ్యాండుమేళం ముందు నడిచింది. ఆఫీసువాళ్ళు సగంమంది చుట్టూ గుడ్డ అంచులు పట్టుకున్నారు, సగంమంది వెనకనించి నెట్టారు. డైరెక్టరు సూటులో ముందుసీట్లో కూచుని, స్టీరింగుని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఊరివాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మెయిన్‌రోడ్డులో ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్ళు నిలబడ్డారు. మా బావ కారెక్కి కాపరాలకెళ్ళినవాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, వాళ్ళ కోడళ్ళు. హారతులిచ్చారు, అక్షింతలు జల్లారు. రైసుమిల్లు వాళ్ళమ్మాయి, ఇప్పుడు మనవలున్న మనిషి, గుమ్మం దిగి వచ్చి మా అక్క బుగ్గకి గంధం రాసి వెళ్ళింది. డైరెక్టరు అందరికీ చెయ్యూపాడు. ప్రజల్లో ప్రాచీన శకటాల పట్ల ఇంత చైతన్యం ఉందని ఆయన అనుకోలేదట.

నేను కారు పక్కనే నడుస్తున్నాను. మా బావ మాత్రం సుఖంగా లేడు. కళ్ళు డైరెక్టరు చేతుల మీదే ఉన్నాయి. మలుపొస్తే ఈయన భుజం వంగుతోంది. ఎదురుగా సైకిలొస్తే గుడ్డ కింద ఈయన కాలు బ్రేకు తొక్కుతోంది, ఆ తొక్కుడికి గుడ్డ ఎగురుతోంది.

"ఆ కాలాపండి," అంది అక్క, తల తిప్పకుండా. "ఆయన చూసుకుంటాడు."

"ఎడమకి లాగేత్తన్నాడే..."

"లాగనివ్వండి. గుంటలో పడినా కలిసే పడతాం. ఒక్కసారి ఇటు చూడండి."

చూశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ రోడ్డు మీద, ఆ కార్లో, రోడ్డు కాకుండా ఇంకోటి చూడ్డం ఆయనకదే మొదలు. ఆ పూలదండల్లో మునిగిన మొహం ఎర్రబడింది. కాలు కదలడం ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

గాంధీబొమ్మ సెంటరు దగ్గరికొచ్చేసరికి వాన దిగింది. సన్నగా మొదలై గట్టిగా పట్టుకుంది. బ్యాండువాళ్ళు ఆపలేదు, జనం కదల్లేదు. అంచుధారులు అంచులు బిగించారు. మొదట్లో నీళ్ళు చక్కగా అటూ ఇటూ జారిపోయాయి. బొమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగాక చూద్దును కదా, కమ్మీ నడుం దగ్గర మెల్లగా కిందికి దిగుతోంది. గుడ్డ మధ్యలో గుంట, గుంటలో నీళ్ళు, నీళ్ళల్లో మల్లెపూలు తేలుతున్నాయి. అప్పుడే చక్రం ఓ గతుకులో పడింది. ఆ నీళ్ళన్నీ, పూలతో సహా, ముందుసీట్లో గెజిటెడ్ అధికారి కాలరులోకి దిగాయి.

"దండం!" అని కేకేశాడాయన. మేళం ఆగింది, నెట్టేవాళ్ళూ ఆగారు. నిలువునా కారుతూ వెనక్కి తిరిగాడు. "దండం వాలింది! ఇద్దరూ రెండేసి చేతులతో పట్టుకోవాలి కదా! ఒక్కొక్క చేత్తో పట్టుకుంటే వాలదూ? మిగతా రెండు చేతులూ ఏమయ్యాయి?"

మా బావ చూపు దించుకున్నాడు. పైకి రెండు తలలే కనిపిస్తున్నాయి. మిగతాదంతా గుడ్డ కింద ఉంది.

"పనిలో ఉన్నాయండీ," అంది మా అక్క.

"ఏం పని? ఏ నిబంధన ప్రకారం?"

"అది మీ సంస్థ పరిధిలోకి రాదండీ," అంది అక్క, వాననీళ్ళు కారుతున్న మొహంతో నిండుగా నవ్వుతూ. "మీరు రోడ్డు చూసి తిప్పండి డ్రైవరుగారూ. బొమ్మ చుట్టూ ఇంకో చుట్టు తిరగాలి."